పుకారును పట్టాలంటే పంపినోళ్ల నంబర్లు ఎందుకు చెల్లె?

ప్రశ్న: అక్కా, మాది కేతేపల్లి దిక్కు ఊరు. నల్లగొండల ఎంసీఏ ఫైనల్ ఇయర్ చదువుతున్న. ప్రాజెక్టు ఏందంటే వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ మూడింట్ల తిరిగే పుకార్లను కనిపెట్టుడు. మొన్న వానలకు "మూసీ ప్రాజెక్టు గేటు కొట్టుకపోయింది, రాత్రికి ఊర్లు మునుగుతయి" అని ఒక వీడియో మా గ్రూపులల్ల తిరిగింది, మా నాయనమ్మను అర్ధరాత్రి ట్రాక్టర్ ఎక్కించి చుట్టాలింటికి తోలిండ్రు, తెల్లారి చూస్తే అది పాత వీడియో. అప్పుడే ఈ టాపిక్ తట్టింది. ఊరి గ్రూపు, కులసంఘం గ్రూపు, అమ్మ ఫోన్‌ల ఉన్న మహిళా సంఘం గ్రూపు అన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి డ్రైవ్‌ల పెట్టుకున్న. నంబర్లను హ్యాష్ చేస్తే, అంటే గుర్తుపట్టరాని అక్షరాల వరుసగ మారిస్తే, ప్రైవసీ ప్రాబ్లమే ఉండదని ఫ్రెండ్ అంటడు. పంపినోళ్ల వివరాలు ఫీచర్లుగ (మోడల్ చూసి నేర్చుకునే అంశాలుగ) పెట్టకుంటే అక్యురసీ రాదని గైడ్ సార్ అంటడు. అమ్మకు తెలిసి "మా సంఘం ముచ్చట్లు కంప్యూటర్ల పెడ్తవా" అని ఒకటే కోపం. పైనుంచి ఊర్ల ఒక పెద్దమనిషి, ఆ వీడియో ముందుగాల ఎవడు పెట్టిండో నీ కంప్యూటర్ల చూసి చెప్పు అని వెంబడి పడ్డడు. ఏం చెయ్యాలె?

సమాధానం: చెల్లె, నీ ఉత్తరంల నలుగురు నాలుగు మాటలు చెప్పిండ్రు, అండ్ల కరెక్టుగ చెప్పింది మీ అమ్మ ఒక్కతే. అక్కడికెళ్లే మొదలు పెడ్తా.

ఆ ఎక్స్‌పోర్ట్ ఫైలు ఒకసారి తెరిచి మెల్లగ చదువు. పుకార్ల కోసం కాదు, మిగతాదాని కోసం. ప్రతి లైన్ల తేదీ, టైము, పేరు, మెసేజ్ ఉంటయి. ఆ పేరు వాళ్లు పెట్టుకున్న పేరు కాదు, ఎవరి ఫోన్‌లకెళ్లి ఎక్స్‌పోర్ట్ చేసినవో ఆ ఫోన్‌ల సేవ్ చేసుకున్న పేరు. అంటే మీ అమ్మ "ఫలానా వదిన కిస్తీ బాకీ" అని సేవ్ చేసుకుంటే నీ డేటాసెట్‌ల అట్లనే వస్తది. సంఘం గ్రూపంటే ఇంకేముంటయి, ఎవరు ఈ నెల పొదుపు కట్టలే, ఎవరి లోను ఆగింది, ఎవరి బిడ్డకు రక్తం కావాలె, ఎవరి ఆధార్ ఫోటో, ఎవరి బ్యాంకు పాస్‌బుక్కు. నీకు కావాల్సిన పుకారు మెసేజ్‌లు అండ్ల ఎన్నో ఉండవు, మిగిలిందంతా ఆ ఆడోళ్ల బతుకు. వాళ్లు అది రాసుకున్నది ఒకరికొకరు చదువుకునేటందుకు, నీ ల్యాబ్‌ల ప్రొజెక్టర్ మీద ఏసేటందుకు కాదు.

చట్టం సంగతి పొట్టిగ చెప్తా. ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి 2017 ఆగస్టుల తేల్చింది. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023ల వచ్చింది, రూల్స్ 2025 నవంబర్‌ల వచ్చినయి, అసలు బాధ్యతలు దశలుదశలుగ అమలుకు వస్తయి. ఇంటి అవసరానికి, సొంత అవసరానికి వాడుకునే డేటాకు ఆ చట్టం పట్టదు, రీసెర్చికి కూడ కొంత వెసులుబాటు ఉంది, కానీ దానికి షరతులున్నయి, ఆ డేటాతోని ఫలానా మనిషి మీద ఏ నిర్ణయం తీసుకోవద్దు అనేది అండ్ల ఒకటి. మీ ఊరి పెద్దమనిషి నిన్ను అడుగుతున్నది ఏందో ఒకసారి దీని పక్కన పెట్టి చూస్కో.

ఇగ హ్యాష్ ముచ్చట. మీ ఫ్రెండ్ ఒక్కడే కాదు, మస్తు మంది ఇట్లనే అనుకుంటరు, కంపెనీలల్ల పనిచేసేటోళ్లు కూడ. నంబర్‌ను ఎస్‌హెచ్‌ఏ 256 అనే హ్యాష్ లెక్కల ఏస్తే పొడుగు అక్షరాల వరుస వస్తది, అండ్లకెళ్లి వెనక్కి నంబర్ రాదు, నిజమే. కానీ వెనక్కి పోవాల్సిన పనేముంది? మన దేశంల మొబైల్ నంబర్ పది అంకెలు, 6, 7, 8, 9లల్ల ఒకదానితోని మొదలైతది. అంటే మొత్తం కలిపి 400 కోట్ల నంబర్లు, అంతకు మించి లేవు. గేములు ఆడే కంప్యూటర్‌ల ఉండే గ్రాఫిక్స్ కార్డు ఈ 400 కోట్లకూ హ్యాష్ కట్టాలంటే కొన్ని సెకండ్ల పని. కట్టి పట్టిక పెట్టుకుంటే నీ ఫైల్ల ఉన్న ప్రతి హ్యాష్‌కు ఎదురుంగ అసలు నంబర్ వచ్చి కూసుంటది. పేరు కొట్టేసి ఇంటి నంబర్ రాసినట్టు అన్నమాట. రహస్య కీ కలిపి హ్యాష్ చేస్తే కొంత నయం, ఆ కీ ఎవరి దగ్గర ఉంటదనే ప్రశ్న మళ్ల మిగుల్తది. నన్నడిగితే నంబర్ కాలమే పెట్టకు. లేని దాన్ని ఎవడు దొంగిలిస్తడు.

నంబర్ తీసేసినా మనిషి దొరుకుతడు, అది ఇంకో సమస్య. అమెరికాల లతాన్యా స్వీనీ అనే కంప్యూటర్ సైంటిస్టు, 1990 జనాభా లెక్కలు చూసి, పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ అసొంటి జిప్ కోడ్ ఈ మూడు కలిపితే అక్కడి జనాభాల దగ్గరదగ్గర 87 శాతం మందిని ఒక్కొక్కరిగ గుర్తుపట్టొచ్చని చూపెట్టింది. అంత పెద్ద దేశంలనే గట్లుంటే మన ఊర్లల్ల చెప్పేదేముంది, "హెల్త్ సబ్‌సెంటర్ల పనిచేసే ఆవిడ" అంటే ఊర్ల ఒక్కతే ఉంటది, "పొద్దుగాల నాలుగున్నరకు పాల రేటు పెట్టేటాయన" అంటే పిల్లగాడు కూడ పేరు చెప్తడు. అందుకే ఊరి పేరు వద్దు, మండలం వరకే రాస్కో, కేతేపల్లి అసొంటి చిన్న మండలమైతే జిల్లా రాయి. టైము నిమిషాలతోని వద్దు, తేదీ చాలు. రిపోర్టుల పట్టిక ఏసేటప్పుడు ఐదు కంటె తక్కువ లెక్క వచ్చిన గడిని ఖాళీ వదులు, అంత తక్కువ మందైతే ఎవరో తెలిసిపోతది.

ఇప్పుడు గైడ్ సార్ అన్నదాని దగ్గరికొస్తా, ఎందుకంటే నీ ప్రాజెక్టు మొత్తం అక్కడనే ఆగుతది. పంపినోళ్ల వివరాలు లేకుంటే అక్యురసీ రాదన్నడు. 2018ల సైన్స్ పత్రికల అమెరికాల ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ల పేపరు వచ్చింది, 2006 నుంచి 2017 దాక ట్విట్టర్ల 30 లక్షల మంది దాక పంచుకున్న సుమారు 1,26,000 వార్తా గొలుసుల (ఒకరికెళ్లి ఒకరికి పాకిన వార్తల) మీద చేసిన పని. అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం నిజం కంటె 70 శాతం ఎక్కువ అని తేలింది. అందరు ఈ ముక్కనే ఎత్తి రాస్తరు, నాకైతే దాని కింద ఉన్నది ఎక్కువ పనికొచ్చేదనిపిస్తది: అబద్ధాలు పంచినోళ్లకు ఫాలోవర్లు తక్కువ, వాళ్లు ట్విట్టర్‌కు వచ్చి ఎక్కువ కాలం కాలే, పోస్టులూ తక్కువే పెడ్తరు. అంటే అబద్ధం మనిషి పలుకుబడి వల్ల ఉరకలే, అవి లేకున్నా ఉరికింది, కొత్తగ వింతగ ఉందని ఉరికింది. ఈ పేపరు ప్రింటు తీసి సార్ టేబుల్ మీద పెట్టు, వాదన పెట్టుకోకు, "సార్ మెసేజ్ మీద, దానికి వచ్చిన జవాబుల మీద పని చేస్త, ప్రొఫైల్ లేకుండ ఎంత వస్తదో చూద్దాం" అని అడుగు. ప్రొఫైల్ లేకుండ వచ్చిన ఫలితం అనేదే ఒక పాయింట్ అయితది రిపోర్టుల.

జవాబులు అన్న గద, అది నీకు బంగారం. 2015ల మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు ఒక సంగతి పట్టుకున్నరు: పుకారు పుట్టిన కొత్తల, ఎవరో ఒకరు "ఇది నిజమేనా", "ఎక్కడ చూసినవ్" అని అడుగుతరు, ఆ అడిగే మాటలను వెతికితే పుకార్లు బాగ ముందుగాలనే దొరుకుతయి. అది ఇంగ్లీష్‌ల చేసిన పని. మన దిక్కు ఆ అడుగుడు ఎట్లుంటది చెప్పు? "నిజమేనా గిది", "ఎవలన్న కనుక్కోర్రి", "ఉత్త ముచ్చటేమో", "టీవీల రాలే గద", "మా బామ్మర్ది అక్కడ్నే ఉంటడు ఫోన్ చేస్త ఆగుర్రి". సగం మంది ఇంగ్లీష్ అక్షరాలల్ల తెలుగు కొడ్తరు, ఒకటే మాటను నాలుగు తీర్లు రాస్తరు. ఈ మాటల పట్టీ మన నల్లగొండ, పాలమూరు యాసల తయారు చేస్తివనుకో, దానికి ఒక్క మనిషి పేరు కూడ అక్కర లేదు, ఏ నంబరూ అక్కర లేదు. జవాబులను నాలుగు రకాలు చేసుకో, ఒప్పుకునేవి, కాదనేవి, అడిగేవి, ఊకె మాట్లాడేవి, ఈ లెక్కల పనిచేసినోళ్లు ఇంతకు ముందు ఇట్లనే విడగొట్టిండ్రు. ఇద్దరు వేర్వేరుగ లేబుల్ ఏసి ఇద్దరికీ ఎంత కలిసిందో లెక్క కట్టు, మీ అమ్మను కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిగుంటది, సంఘంల ఎవరు ఎద్దేవా చేసిండ్రో ఎవరు నిజంగ భయపడ్డరో ఆమెకు తెలిసినట్టు నీ మోడల్‌కు తెల్వదు.

మూడు ప్లాట్‌ఫామ్‌లను కలుపుడు ఎట్ల అంటవా. వాట్సాప్‌ల 2016 ఏప్రిల్ నుంచి మెసేజ్‌లన్నిటికీ రెండు చివర్ల మధ్య ఎన్‌క్రిప్షన్ ఉంది, కంపెనీకే కనిపియ్యదు, ఇగ నీకెట్ల కనిపిస్తది. ఫేస్‌బుక్ పబ్లిక్ పోస్టులు చూసేటందుకు రీసెర్చోళ్లు, జర్నలిస్టులు వాడుకున్న క్రౌడ్‌టాంగిల్ 2024 ఆగస్టుల మూసేసిండ్రు. యూట్యూబ్ ఏపీఐ (ప్రోగ్రామ్‌తోని డేటా అడిగి తీసుకునే దారి) మాత్రం ఇంకా ఉంది, పబ్లిక్ వీడియోల కింద కామెంట్లు తీసుకోవచ్చు, రోజుకు ఇంత అని కోటా ఉంటది, ఎంసీఏ ప్రాజెక్టుకు అది సరిపోతది. అయితే మనిషిని పట్టుకొని మూడు తావుల్ల వెంబడించుడు కాదు చేయాల్సింది, వస్తువును వెంబడించాలె. మూసీ గేటు వీడియోనే తీస్కో. 2019 అక్టోబర్‌ల మూసీ ప్రాజెక్టు గేటు ఒకటి నిజంగనే కొట్టుకపోయింది, వీడియో అబద్ధం కాదు, తేదీ అబద్ధం. ఈ రకం పుకారును మాటల మోడల్ పట్టలేదు, ఎందుకంటే అండ్ల ప్రతి మాటా ఒకప్పుడు నిజమే. దీన్ని పట్టేది బొమ్మల గుర్తు, అంటే బొమ్మకు కట్టే హ్యాష్. మామూలు హ్యాష్ అయితే వాట్సాప్ ఒకసారి ఫోటోను కుదించంగనే మొత్తం మారిపోతది. కంటికి ఒకటే తీరు కనిపించే బొమ్మలకు దగ్గరదగ్గర గుర్తు ఇచ్చే హ్యాష్‌లు వేరే ఉన్నయి, ఫేస్‌బుక్ 2019ల పీడీక్యూ అనేదాన్ని అందరికీ ఓపెన్‌గ ఇచ్చింది, బొమ్మకు 256 బిట్ల (0, 1ల) గుర్తు ఇస్తది, రెండు గుర్తులల్ల ఎన్ని బిట్లు తేడా ఉన్నయో లెక్కపెట్టి ఒకటే బొమ్మనా కాదా తేల్చుకోవచ్చు. వీడియోలకెళ్లి నాలుగైదు ఫ్రేములు తీసి గుర్తులు కట్టి, పాత వీడియోల గుర్తులతోని పోల్చు. "ఈ బొమ్మ 2019లనే వచ్చింది" అని చెప్పేటందుకు ఈసారి పంపినోళ్ల నంబర్ ఎందుకు?

వాట్సాప్ మెసేజ్‌లు ఎట్ల వస్తయి మరి అంటే, అడిగి తీస్కో. ఫ్యాక్ట్‌చెక్ చేసేటోళ్లు టిప్‌లైన్ అంటరు: ఒక నంబర్ ఇచ్చి, డౌటు ఉన్న మెసేజ్ ఏదన్న వస్తే మాకు పంపుర్రి అని చెప్పుడు. 2019 ఎన్నికలప్పుడు మన దేశంల పెద్ద ఎత్తున చేసిండ్రు. పంపే మనిషి తన ఇష్టంతోని ఒక్క మెసేజ్ పంపుతది, గ్రూపంతా నీ చేతికి రాదు. నువ్వు దాన్ని షీట్‌ల ఎక్కించి, నీ ఫోన్‌ల చాట్ తీసేయి. ఎక్కించే ముందు మెసేజ్ లోపల ఉన్న పది అంకెల నంబర్లు, ఆధార్ నంబర్లు కొట్టేసే చిన్న స్క్రిప్టు రాస్కో, పేర్లు మాత్రం చేత్తోనే చూడాలె, మన పేర్లు మెషిన్‌కు దొరకవు, "రాములు" మనిషా గుడా అనేది దానికి తెల్వదు.

ఫెడరేటెడ్ లెర్నింగ్ అని నీ క్లాసుల ఎవరన్న అనే ఉంటరు. గూగుల్ వాళ్లు 2016లల్ల ఫోన్ కీబోర్డుల కోసం తెచ్చిండ్రు, డేటా ఫోన్లనే ఉంటది, మోడల్ నేర్చుకున్న మార్పులు మాత్రమే బయటికి పోతయి. వినేటందుకు బాగుంటది, కానీ ఆ మార్పులకెళ్లి అసలు డేటా వెనక్కి లాగొచ్చని 2019ల చూపెట్టిండ్రు, అందుకని మార్పులన్నీ కలిపి మొత్తం మాత్రమే కనిపించేటట్టు చేసుడు, పైనుంచి ఆ అంకెలల్ల కొంచెం కావాలని గందరగోళం కలుపుడు కూడ చెయ్యాల్సి వస్తది, ఈ రెండోదాన్నే డిఫరెన్షియల్ ప్రైవసీ అంటరు. నీ దగ్గర వేలల్ల మెసేజ్‌లు కూడ లేనప్పుడు అంత గందరగోళం కలిపితే మోడల్ ఏం నేర్వదు. టైటిల్ల మంచిగ కనిపిస్తదని పెట్టకు. పెట్టాలనిపిస్తే యూట్యూబ్ కామెంట్లు ఒక ల్యాప్‌టాప్‌ల, టిప్‌లైన్ మెసేజ్‌లు ఇంకో ల్యాప్‌టాప్‌ల పెట్టి, కలిపితే ఎంత విడివిడిగ ఎంత అని పోల్చి చూపెట్టు, గంతే.

ఇంకొకటి, ఎవరూ చెప్పరు. టెస్టింగ్‌కు డేటాను మెసేజ్‌ల లెక్కన విడగొట్టకు, పుకార్ల లెక్కన విడగొట్టు. ఒకటే ఫార్వర్డు మోడల్‌కు నేర్పే భాగంల, టెస్టు భాగంల రెండింట్ల పడితే 97 శాతం వచ్చింది అని సంబురపడ్తవు, అది నేర్చుకున్నది కాదు, బట్టీ పట్టింది. మూసీ వీడియో మీద నేర్పి, పిల్లల్ని ఎత్తుకపోతుండ్రనే పుకారు మీద టెస్టు చెయ్, అప్పుడు అసలు అక్యురసీ తెలుస్తది, తక్కువ వస్తది, అయినా అదే రాయి.

పిల్లల్ని ఎత్తుకపోయే ముఠా అనంగనే 2018 యాదికొస్తది. కరాచీల పిల్లల జాగ్రత్త కోసం తీసిన ప్రచార వీడియోను చివరన కోసేసి తిప్పిండ్రు, దేశంల ఎంతో మంది ప్రాణాలు పోయినయి. ఆ జులైల హైదరాబాద్ నుంచి బీదర్ జిల్లా ముర్కి దిక్కు పోయిన ఒక సాఫ్ట్‌వేర్ పిల్లగాన్ని, దోస్తులల్ల ఒకరు పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు జనం కొట్టి చంపిండ్రు. చాక్లెట్లు పంచినోళ్ల వీడియోలు గ్రూపులల్ల ముందుగాలనే పోయినయి, వాళ్ల మొఖాలు కనిపించంగ. అందుకని చెప్తున్న, నీ డేటాసెట్‌ల ప్రైవసీ కావాల్సింది పంపినోళ్లకే కాదు, పుకారు ఎవరి మీద పుట్టిందో వాళ్లకు ఇంకా ఎక్కువ కావాలె. "ఈ ఫోటోల ఉన్నోడు దొంగ" అని వచ్చిన బొమ్మను నువ్వు "ఉదాహరణ 3" అని స్లైడ్ల పెడితే ఆ పుకారును ఇంకోసారి తిప్పినట్టే. మొఖం మసక చెయ్, కుదరకుంటే బొమ్మ వద్దు, గుర్తు మాత్రమే ఉంచు.

అదే ఏడు ఎండాకాలంల గద్వాల దిక్కు ఏం జరిగిందో కూడ తెల్సుకో. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగ రెమా రాజేశ్వరి ఉండె. ఊరికో కానిస్టేబుల్‌ను అప్పజెప్పిండ్రు. ఎండాకాలం ఆరుబయట మంచాలేసుకొని పండుకునే జనం పొద్దుగూకంగనే లోపలికి పోయి తలుపులు గడియ పెట్టుకుంటుండ్రని కానిస్టేబుళ్లకు కనిపిచ్చింది, ఏమైందని అడిగితే ఫోన్లల్ల వీడియోలు చూపెట్టిండ్రు. తర్వాత డప్పు కొట్టి చాటింపు, పాటలు, ఊర్లల్ల మీటింగులు, ఊరి గ్రూపులల్ల కానిస్టేబుల్ నంబర్ చేర్చుడు. డౌటు ఉన్నోళ్లు వాళ్లంతట వాళ్లే మెసేజ్ చూపెట్టిండ్రు, మంచాలు లోపలికి పోవుడు కనిపెట్టేటందుకు ఎవరి ఫోనూ గుంజుకోవాల్సిన పని పడలే. నీ రిపోర్టుల మొదటి చాప్టర్‌కు అమెరికా పేపర్లు ఎన్ని పెట్టినా ఈ ముచ్చట కూడ పెట్టు, మన జిల్లాల పక్కన జరిగింది.

పెద్దమనిషి సంగతి. "ముందుగాల ఎవడు పెట్టిండు" అనేది నీ ఫైలుకు తెల్వదు. నీ దగ్గర ఉన్న గ్రూపులల్ల ముందు ఎవరు ఫార్వర్డ్ చేసిండ్రో తెలుస్తది, గంతే, ఆ ఫార్వర్డ్ చేసినాయనకు ఇంకో గ్రూపుల వచ్చింది, వాళ్లకు ఇంకెక్కడో. నువ్వు ఒక పేరు చెప్పినవనుకో, ఆ పిల్లగాడు భయంతోని అందరూ జాగ్రత్త పడాలని పంపినోడైనా ఊర్ల వాడే దోషి అయితడు, పంచాయితీ నీ పేరు మీద నడుస్తది. ముందుగాల పెట్టినోళ్లను చూపెట్టాలని 2021 ఐటీ రూల్సుల గవర్నమెంటు పెడితే, అట్ల చెయ్యాలంటే ఎన్‌క్రిప్షన్ పగలగొట్టాలె అని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు పోయింది, అంత లావు ముచ్చట అది, నువ్వు ఎక్సెల్ షీట్ తోని తేల్చేది కాదు. "పెదనాయినా, నా దగ్గర పేర్లు లేవు, తీసేసిన" అని చెప్పు. తీసేసినాకనే చెప్పు, అబద్ధం ఆడకు. నిజంగ ఎవరికన్న నష్టమైతే పోలీస్ స్టేషన్ ఉంది, వాళ్లకు నోటీసు ఇచ్చే దారి ఉంది, నీ ల్యాప్‌టాప్ కాదు దారి.

అమ్మను ఎట్ల ఒప్పించాలె అనలే నువ్వు, ఏం చెయ్యాలె అని అడిగినవు, అయినా చెప్తా. ఒప్పించకు. ఆ ఫైళ్లు ఆమె ముంగటనే డిలీట్ చెయ్, డ్రైవ్‌ల డిలీట్ చేసినంక ట్రాష్‌ల 30 రోజులు ఉంటయి, అదీ ఖాళీ చెయ్, ఫ్రెండ్‌కు పంపిన కాపీ ఉంటే వాడిని కూడ తీసెయ్యమను. తర్వాత వచ్చే సంఘం మీటింగుకు పోయి, మీ గ్రూపు నాకు వద్దు, డౌటు ఉన్న మెసేజ్ ఏదన్న వస్తే ఈ నంబర్‌కు పంపుర్రి, ఎవరు పంపిండ్రో రాసుకోను, తీసెయ్యమంటే తీసేస్త అని నిలబడి చెప్పు. తీసెయ్యమంటే తీసెయ్యాలంటే ప్రతి మెసేజ్‌కు ఒక సీరియల్ నంబర్ ఇచ్చి పంపినామెకు అదే నంబర్ తిరిగి పంపు, ఆమె ఆ నంబర్ చెప్తే చాలు, పేరు చెప్పాల్సిన పని లేదు. గైడ్ సార్ వైవాల డేటా చూపెట్టమంటడు, చూపెట్టు, అండ్ల చూసేటందుకు మెసేజ్‌లు తప్ప ఏముండవు. మెసేజ్‌లు తక్కువొస్తే మిగతా సంఘాల మీటింగులకు కూడ పో, వానాకాలం వస్తే మూసీ వీడియో మళ్ల వస్తది, ఆ టైంకు నంబర్ అందరి దగ్గర ఉండేటట్టు చూస్కో.